టోన్స్ అండ్ ఐ: బైరన్ బే వీధి నుంచి 24 వారాల అగ్రస్థానం దాకా

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. టోన్స్ అండ్ ఐ అనే ఆస్ట్రేలియా గాయని ‘డ్యాన్స్ మంకీ’ అనే ఒకే ఒక్క పాటతో రాత్రికి రాత్రి ప్రపంచానికి ఎలా తెలిసింది, వెనుక పెద్ద సంస్థల డబ్బు లేకుండా అది నిజంగా జరిగే పనేనా అన్నది మొదటిది. మెల్‌బోర్న్‌లో చదువుకుంటున్న మీ పదిహేడేళ్ల అమ్మాయి ఆమెలాగే వీధిలో పాడతానని పట్టుబడుతోంది, ఒప్పుకోవచ్చా అన్నది రెండోది. నేను ఇదే నగరంలో ఇరవై ఏళ్లకు పైగా వేదికల మీద సౌండ్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. వీధిలో పాడి వేదిక దాకా వచ్చిన వాళ్లను, రాలేక ఆగిపోయిన వాళ్లను దగ్గరగా చూశాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. ఆమె ఎదుగుదలలో వేగం నిజమే కానీ, ఆ వేగం అందుకున్నది పాట విడుదలైన తర్వాత మాత్రమే. అంతకు ముందు ఆమె వీధిలో నిలబడి, దారిన పోయేవాడి అడుగు ఆగేలా పాడటం నేర్చుకుంది. ఆ పాట నిర్మాణంలోనూ, గొంతులోనూ, సాహిత్యంలోనూ ఆ వీధి స్పష్టంగా వినిపిస్తుంది. ఈ సంగతి పట్టుకోకుండా అంకెలు మాత్రమే చూస్తే లాటరీ తగిలినట్టు అనిపిస్తుంది.

ఆమె అసలు పేరు టోని వాట్సన్. మెల్‌బోర్న్‌కు దక్షిణాన ఉన్న మార్నింగ్టన్ ద్వీపకల్పంలో పెరిగింది, ఆ చుట్టుపక్కలే ఒక దుస్తుల దుకాణంలో ఉద్యోగం చేసేది. ఖాళీ దొరికినప్పుడు మెల్‌బోర్న్ నడిబొడ్డున ఉన్న బర్క్ స్ట్రీట్ మాల్‌లో పాడేది. తర్వాత ఆ ఉద్యోగం వదిలేసి, దాదాపు 1,600 కిలోమీటర్ల దూరంలో, న్యూ సౌత్ వేల్స్ ఉత్తర కొసన ఉన్న బైరన్ బే అనే సముద్రతీర పట్టణానికి వెళ్లిపోయింది. అక్కడ కొన్నాళ్లు యాత్రికుల వసతి గృహంలో, మరికొన్నాళ్లు తన వ్యాన్‌లోనే ఉంటూ రోడ్డు పక్కన కీబోర్డు పెట్టుకుని పాడింది. 2018లో, బైరన్ బేకు ఉత్తరాన ఉన్న గోల్డ్ కోస్ట్ నగరంలోని కరంబిన్‌లో జరిగిన వీధి కళాకారుల పోటీలో గెలిచింది. అప్పటికి ఆమె పాట ఒక్కటి కూడా మార్కెట్‌లోకి రాలేదు.

ఇక్కడ వీధి అంటే ఏమిటో మీరు ఒకసారి స్వయంగా చూడాలి. ఈ శనివారం మీ అమ్మాయిని తీసుకుని బర్క్ స్ట్రీట్ మాల్‌కు వెళ్లండి. రెండు వైపులా పెద్ద దుకాణాలు, మధ్యలో ట్రామ్ పట్టాలు. పాడేవాళ్లు దుకాణాల గోడల వైపు కొద్దిపాటి జాగాలో నిలబడతారు. ముందు తెరిచి పెట్టిన గిటారు పెట్టె, పక్కన బ్యాటరీతో నడిచే చిన్న స్పీకరు. ట్రామ్ గంట కొడుతూ వచ్చిందంటే చరణం మధ్యలో ఉన్నా గొంతు అందులో మునిగిపోతుంది. అది దాటిపోయే దాకా పాటను ఏదో ఒక విధంగా పట్టి ఉంచి, జనం చెదరకముందే మళ్లీ అందుకోవాలి. చేతుల్లో సంచులతో నడిచిపోయే మనిషి ఆగుతాడా లేదా అన్నది రెండు మూడు అడుగుల్లో తేలిపోతుంది. సభలో టికెట్టు కొని కూర్చున్న శ్రోత మర్యాదకైనా మొదటి పాట వింటాడు. వీధిలో ఆ మర్యాద ఉండదు.

ఇలా ఒంటరిగా పాడేవాళ్లలో చాలామంది దగ్గర లూప్ స్టేషన్ అనే చిన్న యంత్రం ఉంటుంది. వాట్సన్ కూడా కీబోర్డుతో పాటు దానినే వాడేది. దాని పనితీరు చెబితే పాట సగం అర్థమవుతుంది. మీట నొక్కి నోటితో గాని, ప్యాడ్ల మీద వేళ్లతో గాని నాలుగు బీట్ల లయ వాయిస్తారు, మళ్లీ మీట నొక్కగానే ఆ ముక్క దానంతట అదే తిరగడం మొదలవుతుంది. దాని మీద మంద్రస్వరం వరుస ఒకటి, ఆ పైన కీబోర్డు, ఆ పైన గొంతుతో ఒక తోడు స్వరం, ఇలా పొర మీద పొర వేసుకుంటూ పోతారు. రెండు నిమిషాల్లో ఒక్క మనిషి చుట్టూ బృందం తయారవుతుంది. అయితే దీనికి ఒక కట్టుబాటు ఉంది. ఒకసారి తిరగడం మొదలైన ముక్క సాధారణంగా పాట పూర్తయ్యే దాకా అదే. మన సంగీతం తెలిసినవారికి ఒకే ఆవర్తం మీద పాట మొత్తం నడపడం అంటే సులువుగా తెలుస్తుంది. కింద ఏమీ మారదు కాబట్టి వినేవాడిని పట్టి ఉంచాల్సిన భారమంతా గొంతు మీదా, వరస మీదా పడుతుంది.

ఇప్పుడు ‘డ్యాన్స్ మంకీ’ మళ్లీ వినండి. ఎఫ్ షార్ప్ మైనర్‌లో, నిమిషానికి 98 బీట్ల వేగంతో నడిచే ఆ పాట ఎఫ్ షార్ప్ మైనర్, డి, ఇ, సి షార్ప్ మైనర్ అనే నాలుగు కార్డ్‌ల (ఒకేసారి మోగే స్వరాల గుంపుల) మీదే తిరుగుతూ ఉంటుంది. పల్లవికి వేరే కార్డ్‌లు, చరణానికి వేరే కార్డ్‌లు లేవు. మారేది గొంతు ఒక్కటే. చరణంలో ముక్కుతో అన్నట్టు, కాస్త వణుకుతో మాట్లాడినట్టుగా మొదలై, పల్లవి దగ్గరికి వచ్చేసరికి చీరుకుపోయేంత గట్టిగా పైకి వెళ్తుంది. ఆ గొంతు నచ్చని వాళ్లు నాకు తెలిసి చాలామందే ఉన్నారు, కానీ విని పట్టించుకోకుండా పోయినవాళ్లు తక్కువ. ట్రామ్ చప్పుడును చీల్చుకుని అవతలి కాలిబాట మీద మనిషికి చేరాల్సిన గొంతు అది. స్టూడియోలో మాత్రమే పెరిగిన గాయని ఆ పల్లవిని అలా రాసి ఉండేది కాదని నేను గట్టిగా నమ్ముతాను.

పాటలో ఉన్న విషయం కూడా వీధిదే. బైరన్ బేలో రాత్రిపూట తాగి వచ్చేవాళ్లు పాట అయిపోగానే ‘మళ్లీ పాడు, ఇంకొకటి పాడు’ అని మీద మీదకు రావడం, పాడకపోతే విసుక్కోవడం ఆమె రోజూ చూసేది. మన ఊళ్లలో కోతిని ఆడించేవాడి చుట్టూ మూగిన జనం కోతి అలసిపోయిందా అని చూడరు, ఇంకో పిల్లిమొగ్గ వేయమంటారు. ఆమె తనను ఆ కోతి స్థానంలో పెట్టుకుని రాసింది. విచిత్రమేమిటంటే, ఆ విసుగు మీద రాసిన పాటకే ప్రపంచమంతా చిందులేసి మళ్లీ మళ్లీ పాడించుకుంది.

బైరన్ బేకు వెళ్లిన కొత్తలోనే జాక్సన్ వాక్‌డెన్-బ్రౌన్ అనే వినోదరంగ న్యాయవాది ఆమె పాట విని తన విజిటింగ్ కార్డు ఇచ్చాడు. తర్వాత ఆమెకు మేనేజరయ్యాడు. దారిలో ఎవరో కార్డు ఇవ్వడం ఈ రంగంలో కొత్త కాదు, అందులో ఎక్కువ భాగం జేబులోనే నలిగిపోతాయి. ఇక్కడ పనికొచ్చింది కార్డు ఇచ్చాక అతను చేసినది. గోల్డ్ కోస్ట్ దగ్గరున్న తన ఇంట్లో ఆమె ఉండి పాటలు రాసుకోవడానికి చోటిచ్చాడు. వ్యాన్‌లో పడుకుని, పగలంతా వీధిలో పాడి, వచ్చిన చిల్లరతో గడుపుకునే మనిషికి కొన్ని నెలల పాటు తల మీద కప్పు, నిశ్చింతగా కూర్చునే వేళ దొరకడం ఎంత పెద్ద విషయమో పాటలు రాసేవాళ్లకు తెలుసు. ‘డ్యాన్స్ మంకీ’ అరగంటలో రాశానని ఆమె చెప్పింది. ఆ మాట నిజమే కావచ్చు. ఆ అరగంటకు ముందున్న వేల గంటలు వీధిలో గడిచాయి.

తర్వాత రికార్డింగ్. బ్రిస్బేన్‌లో పనిచేసే కాన్‌స్టాంటిన్ కెర్‌స్టింగ్ అనే నిర్మాత దగ్గర ఆ పాట తయారైంది. అతను చేసిన మేలు, నా చెవికి, ఎక్కువ చేయకపోవడమే. లూప్ స్టేషన్ మీద పుట్టిన పాట అని వినగానే తెలిసేలా ఖాళీగా ఉంచాడు. మంద్రం, చప్పట్లలాంటి లయ, కీబోర్డు, గొంతు, దాదాపు అంతే.

ఇక పెద్ద సంస్థల సంగతికి వస్తాను. ఆస్ట్రేలియాలో ఏబీసీ అనే ప్రజా ప్రసార సంస్థ కింద ట్రిపుల్ జే అనే యువతరం రేడియో ఉంది. దానికి అనుబంధంగా అన్‌ఎర్త్డ్ అనే వేదిక నడుస్తుంది. 1995లో కొత్త ప్రతిభ కోసం వెతుకులాటగా మొదలై, 2006 నుంచి వెబ్‌సైటుగా ఉంది. దేశంలో ఎవరైనా పైసా ఖర్చు లేకుండా తమ పాటను అక్కడ పెట్టవచ్చు. రేడియో వాళ్లు నిజంగానే వింటారు, నచ్చితే దేశమంతటికీ వినిపిస్తారు. టోన్స్ అండ్ ఐ తొలి పాట ‘జానీ రన్ అవే’ 2019 తొలి నెలల్లో ఆ దారిలోనే వచ్చింది. తాను స్వలింగ ప్రియుడినని ఇంట్లో చెప్పుకున్న చిన్ననాటి స్నేహితుడి కథ అది. ఆ పాటతో ఆమె గొంతు దేశానికి పరిచయమైంది కాబట్టే, 2019 మే 10న ‘డ్యాన్స్ మంకీ’ విడుదలైనప్పుడు వినడానికి కొందరు సిద్ధంగా ఉన్నారు. పన్నుల డబ్బుతో నడిచే ఇలాంటి తలుపు ఒకటి తెరిచి ఉండటం ఈ దేశంలో సంగీతానికి ఎంత మేలు చేసిందో చెప్పడానికి నేను వెనుకాడను. అది లేకపోతే ఆమె ఇంకా కొన్నేళ్లు బైరన్ బేలోనే పాడుతూ ఉండేదేమో.

ఆ పాటను బ్యాడ్ బ్యాచ్ రికార్డ్స్ అనే చిన్న స్వతంత్ర సంస్థ పేరు మీద తెచ్చారు. ఆ పాటను మార్కెట్‌లోకి పంపింది మాత్రం సోనీ మ్యూజిక్ ఆస్ట్రేలియా, అమెరికాలో దాన్ని ఎలెక్ట్రా సంస్థ చేతిలోకి తీసుకుంది. కాబట్టి పెద్ద సంస్థలు అసలు లేవనడం సరికాదు. పాటను తయారుచేసింది వాళ్లు కాదు, తయారైన పాటను దేశదేశాలకు మోసింది వాళ్లు. ఈ తేడా మీ అమ్మాయికి అర్థమయ్యేలా చెప్పండి.

ఆ తర్వాతి కథ మీకు తెలిసినదే, అయినా అంకెలు సరిగ్గా ఉండాలి కాబట్టి రాస్తున్నాను. ఆస్ట్రేలియా జాతీయ జాబితాలో ఆ పాట మొత్తం 24 వారాలు మొదటి స్థానంలో ఉంది. అంతకు ముందు అక్కడి రికార్డు బ్రిటన్ గాయకుడు ఎడ్ షీరన్ పాట ఒకటి నెలకొల్పిన 15 వారాలు. బ్రిటన్‌లో 11 వారాలు అగ్రస్థానంలో నిలిచింది. అక్కడ గాయనుల్లో అంతకు ముందు రికార్డు ఉన్న విట్నీ హ్యూస్టన్, రిహానా పాటలు 10 వారాల దగ్గర ఆగాయి. అమెరికా పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో నాలుగో స్థానం దాకా వెళ్లింది. 30కి పైగా దేశాల్లో మొదటి స్థానం అందుకుంది. 2019 నవంబరులో ఆస్ట్రేలియా సంగీత పరిశ్రమ ఇచ్చే ఏరియా (ARIA) పురస్కారాల్లో ఉత్తమ గాయని, ఉత్తమ నవ కళాకారిణి సహా నాలుగు ఆమెకు దక్కాయి. స్పాటిఫైలో ఆ పాటను విన్న సార్లు 300 కోట్లు దాటాయి.

ఈ అంకెలన్నిటిలోకి నన్ను ఆలోచింపజేసేది మరొకటి ఉంది. ఎక్కడో మోగుతున్న పాట ఏమిటో ఫోను చెప్పే షజామ్ యాప్ తన ఇరవయ్యేళ్ల సందర్భంగా 2022లో లెక్క విడుదల చేసినప్పుడు, ప్రపంచంలో అందరికంటే ఎక్కువమంది వెతికిన పాట ఇదేనని తేలింది, 4.1 కోట్లకు పైగా సార్లు. అంటే ఏమిటి? హోటల్లోనో, టాక్సీలోనో, దుకాణంలోనో ఉన్న మనిషి తన పని ఆపి, జేబులోంచి ఫోను తీసి, ఇది ఎవరిదని అడిగాడు. బర్క్ స్ట్రీట్‌లో సంచులతో వెళ్తున్నవాడు అడుగు ఆపినట్టే. వీధిలో ఒక్కొక్కరి మీద పనిచేసిన పట్టు కోట్లమంది మీద పనిచేసింది. పైగా ఆమె ఎవరో, ఎలా ఉంటుందో వాళ్లకు తెలియదు. ఆ పాట వీడియోలో కూడా ఆమె తన ముఖంతో కనిపించదు, ముసలివాడి వేషంలో ఉంటుంది. మామూలు వేళల్లో టోపీ, వదులు దుస్తులు. పాప్ గాయని అంటే అందచందాలు, నాజూకు నాట్యం తప్పనిసరి అనుకునే చోట ఆమె గొంతు ఒక్కదానితో వచ్చింది. ఇది మీ అమ్మాయికి తప్పక చెప్పండి.

దూరం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఒకప్పుడు ఆస్ట్రేలియా గాయకులకు ప్రపంచం అంటే లండన్, లేదా అమెరికా. కైలీ మినోగ్ టీవీ ధారావాహికతో ఇంట్లో ఎంత పేరు తెచ్చుకున్నా, 1987లో లండన్ వెళ్లి అక్కడి నిర్మాతలతో పాడిన తర్వాతే ప్రపంచ గాయని అయింది. తర్వాతి తరంలో పెర్త్ కుర్రవాడు ట్రాయ్ సివాన్ యూట్యూబ్‌లో అభిమానులను సంపాదించుకుని 2014లోనే అమెరికా ఆల్బమ్‌ల జాబితాలో అయిదో స్థానం చేరాడు. సిడ్నీ వాటర్‌లూ పేటలో పుట్టిన ‘ది కిడ్ లరాయ్’ అనే గాయకుడు మాత్రం టీనేజీలోనే లాస్ ఏంజెలిస్ చేరి, 2021లో జస్టిన్ బీబర్‌తో కలిసి పాడిన పాటతో అమెరికాలో మొదటి స్థానం అందుకున్నాడు. వాట్సన్ విషయంలో మనిషి కంటే ముందు పాట ప్రయాణం చేసింది. బైరన్ బే ఐరోపా నుంచి వచ్చే కుర్రకారు యాత్రికులతో నిండి ఉండే ఊరు. ఆమె ప్రేక్షకుల్లో సగం మంది వేరే దేశాల వాళ్లే అయి ఉంటారు. భాష సరిగా రానివాడిని కూడా ఆపగలిగే పాట ఆమె అక్కడే నేర్చుకుందని నా అంచనా.

ఆమె ఒక్కతే ఈ దారిలో రాలేదు. మెల్‌బోర్న్ వీధుల్లో లూప్ స్టేషన్‌తో వాయించిన టాష్ సుల్తానా పాట ‘జంగిల్’ ట్రిపుల్ జే శ్రోతలు ఏటా ఎన్నుకునే 100 పాటల్లో 2016లో మూడో స్థానంలో నిలిచింది. ‘డ్యాన్స్ మంకీ’కి 2019లో దక్కింది నాలుగో స్థానం.

డబ్బు, హక్కుల గురించి మీరు అడగలేదు, కానీ తల్లిదండ్రులుగా మీరు మొదట తెలుసుకోవలసింది ఇదే. ‘డ్యాన్స్ మంకీ’ సాహిత్యం, బాణీ రెండూ ఆమె ఒక్కతే రాసింది. ఈ రోజుల్లో అంత పెద్ద పాప్ పాట కింద అయిదారుగురు రచయితల పేర్లుండటం మామూలు. పాట ఎక్కడ మోగినా రచయితకు చెందే వాటా వేరు, రికార్డింగ్ యజమానికి చెందే వాటా వేరు. ఆస్ట్రేలియాలో రచయిత వాటాను ఆప్రా ఆమ్‌కోస్ అనే సంస్థ వసూలు చేసి అందిస్తుంది, రచయితలు అందులో చేరడానికి రుసుము లేదు. నేను సౌండ్ చూసిన ఒక అమ్మాయి, గొప్ప గొంతు, ఇరవై ఏళ్లు కూడా నిండకముందే ఒక సంస్థ ఇచ్చిన కాగితం మీద సరిగా చదవకుండా సంతకం పెట్టి, తాను రాసిన పాటల మీద, రాయబోయే పాటల మీద కూడా హక్కు పోగొట్టుకుంది. ఆ పాటల్లో ఒకటి ఇప్పటికీ రేడియోలో వస్తుంది. విన్నప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. వాట్సన్‌కు వీధిలో మొదట ఎదురైన పరిశ్రమ మనిషి న్యాయవాది కావడం ఆమె అదృష్టాల్లో పెద్దది.

ఈ ఎదుగుదలకు ఆమె చెల్లించిన మూల్యం కూడా ఉంది. పాట శిఖరం మీద ఉన్న 2019 చివరి నెలల్లోనే, సామాజిక మాధ్యమాల్లో తన గొంతు మీద, రూపం మీద కురిసిన దూషణల గురించి ఆమె బాహాటంగా బాధపడింది. వీధిలో తిట్టినవాడు నాలుగడుగులు వేసి వెళ్లిపోతాడు, ఫోనులో తిట్టేవాళ్లు మాత్రం పోరు. 2020లో వచ్చిన ‘ఫ్లై అవే’ పాటలో, కోరుకున్నది దొరికినా లోపలి వెలితి తీరదన్న దిగులు వినిపిస్తుంది. తొలి పూర్తి ఆల్బమ్ ‘వెల్‌కమ్ టు ద మ్యాడ్‌హౌస్’ 2021 జులైలో వచ్చి ఆస్ట్రేలియాలో మొదటి స్థానం అందుకున్నా, విమర్శకుల్లో చాలామంది దయ చూపలేదు. రెండోది ‘బ్యూటిఫుల్లీ ఆర్డినరీ’ 2024లో వచ్చింది. ‘డ్యాన్స్ మంకీ’ ఎత్తును మరే పాటా అందుకోలేదన్నది నిజం. దాన్ని పట్టుకుని ఆమెను ఒక్క పాట గాయని అనడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఆ ఎత్తు ఎవరికైనా జీవితంలో రెండోసారి దొరికేది కాదు, ఆమె ఇంకా రాస్తోంది, వేదికల మీద పాడుతోంది.

ఇక మీ అమ్మాయి సంగతి. నా సలహా: పాడనివ్వండి. నగరపాలక సంస్థ అనుమతి పత్రం తప్పనిసరి, బర్క్ స్ట్రీట్ మాల్‌కు విడిగా ఎంపిక ఉంటుంది కాబట్టి ముందు నిబంధనలు చదివి, రద్దీ తక్కువున్న వేరే చోట మొదలుపెట్టించండి. తొలి నెలల్లో మీలో ఒకరు దూరంగా, ఆమె కంటికి కనిపించేలా ఉండండి, చీకటి పడ్డాక మాత్రం వద్దు. ఖరీదైన యంత్రం ఇప్పుడే కొనకండి. గొంతు, ఒక వాద్యం, చిన్న స్పీకరు చాలు. లూప్ స్టేషన్ ఆరు నెలల తర్వాత, అదీ సెకండ్ హ్యాండ్‌ది. సొంతంగా రాసిన ప్రతి పాటకూ తేదీ వేసి దాచమనండి, సిద్ధంగా ఉన్నది ఒకటి అన్‌ఎర్త్డ్‌లో పెట్టమనండి. ఎవరైనా కార్డు ఇస్తే మర్యాదగా తీసుకోవాలి, కాగితం ఇస్తే మాత్రం సంతకం పెట్టకుండా ఇంటికి తేవాలి.

ఒక చిన్న పుస్తకం కూడా ఇవ్వండి. ఏ పాట దగ్గర ఎంతమంది ఆగారో, ఏ వరస దగ్గర వెళ్లిపోయారో ప్రతి రోజూ అందులో రాసుకోమనండి. పెట్టెలో పడిన డబ్బు లెక్క మీరు చూడండి, ఆ పుస్తకం ఆమెనే చూసుకోనివ్వండి.